బొర్రా ప్రయాణం - పెట్రోలు లెక్క



పాలు, పప్పులు, కరెంటు బిల్లు మన పద్దు పుస్తకంలో వరసగా రాసుకుంటాం. పెట్రోలు దగ్గరకు వచ్చేసరికి, "అది మగవాళ్ల లెక్కలే" అని వదిలేస్తాం. కానీ ఆ డబ్బు వచ్చేది మన ఇంటి ఖర్చులోంచే కదా! అందుకని ఈ వేళ ఆ లెక్క కాస్త చూద్దాం.

సెలవులకు పిల్లలతో విశాఖ నుంచి బొర్రా గుహలకు బయలుదేరామనుకోండి. సుమారు 90 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాటు రోడ్డు. అరకు మీదుగా ఇంకా ముందుకు పోతే ఒడిశా, కోరాపుట్ జిల్లా. పెట్రోలు అదే అయినా సరిహద్దుకు అటూ ఇటూ ధర ఒకటి కాదు. ఎందుకంటారా?

2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పెట్రోలును అందులో కలపలేదు. కేంద్రం ఎక్సైజు సుంకం వేస్తే, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రం వేసుకుంటుంది. 2024 నాటి పట్టిక చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, మరో రూపాయి రోడ్డు సెస్సు. ఒడిశాలో 28 శాతం. పన్ను పడకముందు ధర 80 రూపాయలనుకుంటే, మనకు పన్నే దాదాపు 30 రూపాయలు. వాళ్లకు 22 రూపాయల 40 పైసలు. దూరాన్నిబట్టి రవాణా ఖర్చు కలిస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది.

అయితే అటు వెళ్లి పోయించుకుంటే పోలా అంటారేమో! లీటరుకు 7 రూపాయలే మిగిలినా, 20 లీటర్లకు 140 రూపాయలు. అందుకోసమే రానుపోను 50 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు మూడు లీటర్లకు పైగా తాగుతుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నట్టే!

ఇక బంకులో కనబడని లెక్క ఒకటుంది. పెట్రోలులో ఎథనాల్ కలుపుతున్నారు. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే స్పిరిటది. 2003లో 5 శాతం కలపాలని మొదలుపెట్టిన తొమ్మిది రాష్ట్రాల్లో మన రాష్ట్రం ఒకటి. 2022లో దేశమంతటా అది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. దిగుమతి ఖర్చు తగ్గుతుంది, రైతుకు గిట్టుబాటు దొరుకుతుంది, నిజమే. కానీ లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే పాత రకం కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం మైలేజి తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ఆ ఇంధనానికి తగ్గట్టు తయారైన బండికి నష్టం తక్కువ.

లీటరు 105 రూపాయలుండి, 15 కిలోమీటర్లిచ్చే బండి 14 ఇచ్చిందనుకోండి. కిలోమీటరు 7 రూపాయలది ఏడున్నర అవుతుంది. బంకులో ధర మారకుండానే మన ఖర్చు పెరిగిందన్నమాట! కాబట్టి లీటరు ధర ఒక్కటే కాదు, కిలోమీటరు ధర రాసుకోండి.

నిబంధనలన్నీ మన మీద బరువేనా? కాదు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాలకు ముందుగా వచ్చిన శుభ్రమైన పెట్రోలు, 2017లో దేశమంతటికీ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. స్కూటరు ముందు నిలబడే పసివాడు పీల్చే గాలికి అది మేలే కదా.

మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. టైర్లలో గాలి చూపించండి. అక్కరలేని సామాను దింపించండి. తయారీదారు చెప్పకుండా ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు పోయించకండి. దానివల్ల మామూలు ఇంజనుకు ఒరిగేదేమీ ఉండదు. ముఖ్యంగా ఒక మాట. బొర్రా నుంచి దిగేటప్పుడు "పెట్రోలు మిగులుతుంది" అని ఇంజను ఆపి, న్యూట్రల్లో వదిలితే ఒప్పుకోకండి. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కొత్త కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే చాలు, పెట్రోలు దానంతటదే ఆగుతుంది. గేరు బండిని నిలవరిస్తుంది కూడా.

నాలుగు రూపాయలు మిగలడం మంచిదే. ఇంటిల్లిపాదీ క్షేమంగా కొండ దిగడం అంతకన్నా మంచిది. సెలవు.