సామెత ఎవరి నోటిది?

(సికింద్రాబాద్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి గురించి మాట్లాడేటోళ్లు నా తర్వాత ఉన్నరు. నాకిచ్చిన అంశం సామెతలు. నవ్వకండ్రి. ఇది కాలక్షేపం ముచ్చట కాదు.

మావైపు ఒక ఊళ్లో కూలి పెంచమని అడగడానికి పోయినం. పటేలు లెక్క తియ్యలేదు, కాగితం తియ్యలేదు. ఒక్క మాట అన్నడు: "అయిదు వేళ్లు ఒక్కతీరుగ ఉంటయారా?" అంతే. డిగ్రీ చదివిన మా పిల్లలు నోరు మూసుకున్నరు. వాళ్లకు జవాబు తెల్వక కాదు. ఆ మాట వాళ్లు ఊయలల నుంచి వింటున్నరు. వాళ్ల నాయన చెప్పిండు, బడిలో సారు చెప్పిండు. చిన్నప్పుడే చెవిలో పడ్డ మాటను మనసు విచారించదు. నిజమనే అనుకుంటది.

చూడండ్రి, అందులో ఉన్న మోసం ఎంత సన్నగున్నదో. వేళ్లు పుట్టుకతోనే చిన్నవి, పెద్దవి. కూలి రేటు పుట్టుకతో వచ్చిందా? దాన్ని మనిషి పెట్టిండు. మనిషి పెట్టినదాన్ని ఒంటి మీద అవయవంతో పోల్చంగనే అది ప్రకృతి అయిపాయె. ఇంకొకటి, సామెతకు సొంతదారుడు ఉండడు. "నేనంటున్ననా? పెద్దలన్నరు" అని పటేలు తప్పుకుంటడు. మరి నువ్వు ఎవరితో కొట్లాడుతవు?

ఆనాడు జవాబు చెప్పింది నాట్లేసే ఒక ముసలవ్వ. "నిజమే పటేలా, వేళ్లు సమానం కావు. గని ముద్ద తినేటప్పుడు అయిదూ కలుస్తయ్. నీ అయిదు వేళ్లల్ల ఊరవతల ఉన్న వేలేదో చూపియ్యి" అన్నది. పటేలు నవ్వలేదు. కూలి ఆ రోజు పెరగలేదు, అది వేరే సంగతి. వారం తర్వాత నాట్లు ఆగినంకనే పెరిగింది. కానీ మా పిల్లలకు గొంతు వచ్చింది ఆ అవ్వ మాటతోనే.

పటేలు నోటి సామెతకన్నా కష్టమైంది మన నోట్లోనే ఉన్నది. "పెట్టి పుట్టాలి." పోయిన జన్మల దానం పెట్టినోడు ఈ జన్మల అనుభవిస్తడని దాని అర్థం. మా అమ్మ పక్కింటి పెళ్లికి నగలు చూసినా అదే మాట, నాకు జ్వరమొచ్చి మందు కొనలేకపోయినా అదే మాట. ఆమెను తప్పు పట్టను. దుఃఖం తట్టుకోవడానికి మనిషికి ఏదో ఒక కారణం కావాలి. కారణం లేని దుఃఖం పిచ్చెక్కిస్తది. ఆ మాట ఆమెకు ఓదార్పు ఇచ్చింది, దొంగను దాచిపెట్టింది. భూమి ఎవరు గుంజుకున్నరని అడగవలసిన చోట తన పాత జన్మను అడిగింది.

నేను బడిలో ఒక పద్యం అర్థం అడిగితే పంతులు "గాడిదకేం తెలుసు గంధం వాసన" అన్నడు. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్విన. ఇన్నేండ్లకు నన్ను బాధపెట్టేది పంతులు మాట కాదు, ఆ నా నవ్వు.

"ఊరుంటే మాలపల్లె ఉండదా" అంటరు. మంచి ఉన్నకాడ చెడు ఉంటదని చెప్పనీకె! చెడుకు గుర్తుగా మన వాడను పెట్టుకున్నరు. ఊరిని ఊడ్చేది, డప్పు కొట్టేది, చచ్చిన పశువును మోసేది ఆ వాడే.

కులం గోడ కాదు, ముళ్లకంచె కాదు, అది మనసు స్థితి అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాసిండు. గోడ అయితే పలుగు పెట్టి కూల్చొచ్చు. మనసులో ఉన్నదానికి మాటే పలుగు. మన హైదరాబాదు గడ్డ మీద ఈ సంగతి ముందే పట్టుకున్నోడు భాగ్యరెడ్డి వర్మ. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిండు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో వాడవాడ తిరిగిండు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, అధ్యక్షుడిగా పోయి ఆ పేరునే మార్పించి ఆది ఆంధ్ర మహాసభ చేయించిండు. పేరు మారితే కడుపు నిండదని ఎక్కిరించినోళ్లు ఆనాడూ ఉండొచ్చు. అయిదోవాడివి అని రోజూ పిలిపించుకునేటోడు ఒకటో స్థానం ఎట్ల అడుగుతడు?

చట్టం కూడా ఉన్నది. పదిమంది ముందర కులం పేరుతో తిడితే నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ విడిగా రాసింది. తిట్టిన తేదీ, చోటు, విన్నోళ్ల పేర్లు ఆనాడే రాసిపెట్టుకోండ్రి. కానీ "పెట్టి పుట్టాలి" అన్న మాటకు ఏ పోలీసు స్టేషన్లో కేసు పెడతం?

ఇంకో మాట, చేదుగ ఉంటది. మాలలు మాదిగల మీద, మాదిగలు మాలల మీద చెప్పుకునే సామెతలు మన నోట్లో ఉన్నయ్. మనందరం కలిసి ఆడవాళ్ల మీద చెప్పేవి అంతకు రెండింతలు. ఈ హాల్లో వెనక కూర్చున్న అక్కలకు తెలుసు. ఆ ముసలవ్వ ఇంట్లోనే ఆమె కొడుకు ఏమంటడో నేను విన్న.

పోయేటప్పుడు గడప దగ్గర నోటుబుక్కు పెట్టినం. మీ వాడలో మీ మీద పడే సామెత ఒకటి, మీరు ఇంకొకరి మీద వేసే సామెత ఒకటి రాసిపోండ్రి. రాయరానోళ్లు చెప్పండ్రి, మా పిల్లలు రాస్తరు. రెండోది రాయకుండా ఎవరూ బస్సెక్కొద్దు.