తారుమారైన పాత్రలు



రాజమహేంద్రవరంలో జన్మించిన కమలా సత్యనాథన్ మద్రాసులో నడిపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో, 1905లో, వంగదేశ రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ ఆంగ్ల కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ ప్రకటితమైంది. అందులోని స్త్రీరాజ్యంలో పురుషులు పరదా చాటున వంటను, శిశుపోషణను నిర్వహిస్తారు. స్త్రీలు సూర్యతాపంతో శత్రుసేనను తరిమి దేశాన్ని కాపాడతారు.

చదివినవారికి నవ్వు వస్తుంది. మగవారిని ఇంట బంధించడం హాస్యమైతే, ఆడవారిని బంధించడం ఆచారమెట్లయింది? ఈ ప్రశ్నయే కథకు ప్రాణం. ప్రతీకారం దాని గమ్యం కాదు. బాలికలందరూ చదువుకోవాలన్న రాణి ఆజ్ఞయే ఆ రాజ్యానికి పునాది.

కథలో కల కరిగిపోయింది. రచయిత్రి మాత్రం 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది బాలికలతో పాఠశాల నెలకొల్పారు.

పిల్లలారా, ఏ కథ చదివినా పాత్రలను ఒకమారు తారుమారు చేసి చూడండి. అప్పుడు అన్యాయమని తోచినది అంతకుముందూ అన్యాయమే.