డిశ్చార్జి రాశాక ఎక్కడికి?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక ఆరోగ్య సేవల్లో సంస్కరణలు ఎంతవరకు వచ్చాయని అడిగితే అధికారులు లెక్కలు చూపిస్తారు. ఇన్ని జిల్లాల్లో కార్యక్రమం, ఇన్ని పడకలు, 2022లో మొదలైన 14416 నంబరుకి ఇన్ని ఫోన్లు. ఆ లెక్కలు వద్దనను. కానీ స్త్రీల వార్డులో కూర్చుంటే నన్ను వేధించే ప్రశ్న వేరు. నయమైన మనిషి ఎక్కడికి వెళుతోంది?

1912 నాటి చట్టానికి మనిషిని బంధించడమే ముఖ్యం. 1987 చట్టం ఆసుపత్రి లైసెన్సులు, చేర్చుకునే పద్ధతుల చుట్టూ తిరిగింది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉండగా మంటలు లేచి 28 మంది చనిపోయారు. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన 2017 చట్టం గొలుసుల్ని నిషేధించింది. మత్తివ్వకుండా కరెంటు షాకివ్వడాన్ని, చికిత్స పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని నిషేధించింది. ఇవి చిన్న విషయాలు కావు. ఇంటివాళ్లు రానివ్వడం లేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని కూడా 19వ సెక్షన్ చెబుతోంది.

ఒక ఆసుపత్రిలో ఒకామె సంచి సర్దుకుని కూర్చుంది. "పండక్కి మా ఆయనొస్తాడమ్మా" అంది. నర్సు నన్ను పక్కకి పిలిచి చెప్పింది, ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడని, ఇచ్చిన అడ్రసులో లేడని. డిశ్చార్జి చేయొచ్చని డాక్టరు రాసి రెండేళ్లయింది. రిజిస్టరులో మాత్రం ఆమె నిండిన ఒక పడక. ఇలాంటి వాళ్లు కొద్దిమందేనా? 43 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో జరిపి 2019లో వెలువరించిన అధ్యయనంలో నూటికి 36 మంది ఏడాదికి పైబడి అక్కడే ఉంటున్నారు.

భర్తని తిట్టడం తేలికే. (నేనూ తిట్టాను.) కానీ తీవ్రమైన మానసిక వ్యాధిని విడాకులకు కారణంగా 1955 హిందూ వివాహ చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటోంది. బయట ఉండడానికి ఆసరా గృహాలు ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వమే. అవి లేనిచోట 19వ సెక్షన్ ఆమెకేం పనికొస్తుంది? పడకలతోపాటు వీటినీ లెక్క చెప్పమని మనం అడగాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరుండాలో ఆమే రాసివ్వొచ్చు. తెల్లకాగితం, సంతకం లేదా వేలిముద్ర, ఆ మనిషి ఒప్పుకోలు చాలు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు కూడా. రాసివ్వకపోతే ఆ స్థానం ముందు బంధువులకే పోతుంది. వదిలేసిన భర్త కూడా చట్టం లెక్కలో బంధువే. ఆ వార్డులో నేను మాట్లాడిన స్త్రీలలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. వాళ్లు నమ్మితే, ఆ కాగితం మీద మీలో ఒకరి పేరుండొచ్చు.