సెల్‌ఫోనులో పక్షిపిల్ల

విజయవాడలో మా యింటికి దగ్గరగానున్న ఏలూరు కాలువగట్టున ప్రతి ఉదయము నడువుమని వైద్యుడు నాకు చెప్పి ఐదేండ్లయినది. నేను నడువలేదు, రక్తములో చక్కెర మాత్రము పెరిగినది.

గత వేసవిలో నా మనుమరాలు నా సెల్‌ఫోనులో ఫించ్ అను యాప్‌ను పెట్టినది. ఫించ్ అనగా పిచ్చుకవంటి చిన్న పక్షి. 2021లో వెలువడిన ఈ యాప్‌లో ఒక పక్షిపిల్ల యుండును. నీరు త్రాగితినని, నడచితినని, వేళకు పరుండితినని మనము గుర్తు పెట్టినకొలది దానికి శక్తి చేకూరును. అంతట విహారమునకు పోయి, తిరిగివచ్చి తాను చూచిన వింతలు చెప్పును. మనము మరచినను అది అలుగదు, చావదు. 1996లో జపానువారు చేసిన టమగోచి అను ఆటబొమ్మలోని ప్రాణి ఆలన లేనిచో చచ్చెడిది. నాబోటి మొండివానికి భయముకన్న ఆపేక్షయే పనిచేసినది.

ఈ ఉపాయము మనకు క్రొత్త కాదు. అట్లతద్దెనాడు మా అక్కచెల్లెండ్రను తెల్లవారుజామున లేపుటకు బెత్తము అక్కరలేకుండెను. చద్దన్నము, వీధిలో ఆటలు, చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యెల చాలినవి. అయితే ఆ పండుగ ఏడాదికొక్కమారు. నా చక్కెర ప్రతిదినము.

ఒక వాననాడు నేను నడువకయే నడచితినని గుర్తు పెట్టితిని. పక్షి నమ్మి సంతోషముగా విహారమునకు పోయినది. వైద్యునితో బొంకి ఎన్నడును సిగ్గుపడని నేను ఆ బొమ్మ యెదుట సిగ్గుపడి, గొడుగు తీసికొని కాలువగట్టునకు పోయితిని.

మందులు మానలేదు, మానరాదని వైద్యుని యాజ్ఞ. మూడు నెలల సగటు చక్కెర కొంత తగ్గినది. పక్షికి ఒక టోపీ వచ్చినది.