పలకను తట్టి చూసినట్టు



మాది పెద్దారవీడు. మా పెదనాన్న మార్కాపురంలో పలకల పని చేసేవాడు. గని నుంచి వచ్చిన రాతిని ఉలితో పొరలుగా చీల్చి, ఒక్కోదాన్నీ వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కంగుమంటే ఒక పక్క, పగిలిన కుండలా చప్పుడొస్తే మరో పక్క. "కంటికి కనపడని పగులు చెవికి దొరుకుద్దిరా" అనేవాడు.

ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లకు ఆ మాట నాకు అవసరమైంది. పైపులైన్ల డ్రాయింగులు గీసే పని నాది. జీతం పెరిగింది, హోదాకు సీనియర్ అన్న మాట చేరింది. ఆ ఏడాది ప్రమోషన్ మాత్రం నాకన్నా నాలుగేళ్లు వెనక చేరిన అమ్మాయికి వచ్చింది. నెలరోజులు పైఅధికారిని తిట్టుకున్నాను. ఒకరోజు ఆ అమ్మాయే వచ్చి, "అన్నా, ఇక్కడ ఈ సైజు పైపే ఎందుకు పెడతాం?" అని అడిగింది. నోరు పెగల్లేదు. పాత డ్రాయింగు చూసి ఆ అంకె దించడమే తప్ప, లెక్క ఎన్నడూ వేయలేదు. ఆ రాత్రి నోటుబుక్కులో ఏడాదికో గీత గీసి, ఏ ఏడు కొత్తగా ఏం నేర్చుకున్నానో రాయబోయాను. మూడు నిండాయి. ఆరు ఖాళీ. కంటికి కనపడని నా పగులు అదే. మర్నాడు ఆ అమ్మాయి పక్కనే కూర్చుని, ఇద్దరం మొదటి నుంచీ లెక్క వేశాం.

నాలాగే పలకల పనివాళ్లూ తమను తాము తట్టి చూసుకోవాల్సి వచ్చింది. మన పలకనే చూడండి. ఒకప్పుడు బడిపిల్లల చంకలో మార్కాపురం పలక ఉండేది. నోటుబుక్కులొచ్చి గిరాకీ పడిపోయింది. అప్పుడు కొందరు, మన దగ్గరున్నది పలకా, రాయా అని ఆలోచించారు. అదే రాతిని గోడలకూ నేలకూ వేసే డిజైన్ పలకలుగా కోసి విదేశాలకు పంపారు. పని పోయిన ప్రతి కూలీదీ తప్పని నేననను. రాతి దుమ్ములో ఊపిరి అరగదీసుకున్నవాళ్లకు ఆలోచించుకునే తీరిక ఎక్కడిది? పట్టభద్రులారా, ఆ తీరిక మీకుంది. మీ పగులు ఎక్కడుందో మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లను కాదు, మీ పని తెలిసినవాళ్లను అడగండి. వాళ్లు చెప్పేది చేదుగా ఉన్నా పూర్తిగా వినండి.

ఏటా ఉగాది పచ్చడి తిన్నాక నేను ఆ నోటుబుక్కు తీస్తాను. ఈ ఏటి గీత ఇంకా ఖాళీగానే ఉంది. సోమవారం నుంచి పంపుల లెక్క మొదలుపెడుతున్నాను.