వేలం పాటలో మన హక్కు – లైసెన్సు, కాంటా, తక్‌పట్టీ

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మార్కెటింగ్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, అప్పుల వసూలు, బ్యాంకు లింకేజీ గురించి ఇప్పటిదాకా విన్నాం. అప్పు తెచ్చి విత్తనం వేస్తాం, కలుపు తీస్తాం, మందు కొడతాం, కోసి కల్లం చేస్తాం. ఇన్ని నెలల కష్టానికి ధర తేలేది మాత్రం యార్డులో కుప్ప ముందు, కొన్ని నిమిషాల్లో. ఆ కొద్దిసేపట్లో మనం ఏం చూసుకోవాలి, ఏం అడగాలి అన్నదే ఈరోజు మా మాట.

మన వికారాబాద్, తాండూరు ప్రాంతానికి కంది అంటే ప్రాణం. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ గుర్తింపు కోసం దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. మన నేలలో పండిన కందికి ఉన్న రుచి, ఉడికే గుణం దేశమంతా ఒప్పుకున్నట్టే. పేరైతే వచ్చింది. ఆ పేరుకు తగ్గ పైసలు మన చేతికి రావాలంటే అమ్మే చోట పద్ధతి సక్కగుండాలి.

వేలం పాట నడిపేవాళ్లకు, పాటలో కొనేవాళ్లకు ప్రభుత్వం లైసెన్సు ఎందుకు పెట్టిందో ముందు తెలుసుకుందాం. కొన్ని దేశాల్లో వేలం నడిపే మనిషికే విడిగా లైసెన్సు ఉంటుంది. మన దగ్గర అట్ల అన్నిటికీ కలిపి ఒక్క చట్టం లేదు. ఏ సరుకు వేలానికి ఆ చట్టం ఉంది. పంటల వేలానికి 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ఉంది. అంతకు ముందు నిజాం కాలంలోనే, 1339 ఫసలీలో, అంటే 1930 ప్రాంతంలో, హైదరాబాద్ రాజ్యానికి మార్కెట్ల చట్టం ఉండేది. 1966 చట్టం వచ్చాక ఆ పాతది రద్దయింది.

ఆ రోజుల్లో దేశంలో చాలా మార్కెట్లలో ధర ఎట్ల తేల్చేవారో తెలుసా? కొనేవాడు, మధ్యవర్తి చేతుల మీద రుమాలు కప్పుకొని, దాని కింద వేళ్లు పట్టుకొని బేరం చేసేవారు. రైతు పక్కనే నిలబడి ఉన్నా ఎంతకు తెగిందో తెలిసేది కాదు. తూకం వాళ్లదే, లెక్క వాళ్లదే. ఆ రుమాలు తీసేయడానికే ఈ చట్టాలు వచ్చాయి. ధర అందరి ముందు పలకాలి, కొనేవాడెవరో కాగితం మీద ఉండాలి, తూకం వేసేవాడు వేరే ఉండాలి.

1966 చట్టం 7వ సెక్షన్ ప్రకారం, ప్రకటించిన మార్కెట్ ప్రాంతంలో నోటిఫై చేసిన పంటలతో వ్యాపారం చేయాలంటే మార్కెట్ కమిటీ లైసెన్సు తీసుకోవాలి. కొనే ఖరీదుదారుకు కావాలి, కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారుకు కావాలి, తూకం వేసే దడువాయికి కావాలి. సొంత పంట తెచ్చుకున్న మనకు లైసెన్సు అక్కర్లేదు. షరతులు తప్పితే ఆ లైసెన్సు ఆపేసే, రద్దు చేసే అధికారం కమిటీకి ఉంది.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. లైసెన్సు సావుకారికి ఇచ్చిన గౌరవ పత్రం కాదు. అది మన కోసం ఉన్న అడ్రసు. పైసలు ఆగితే, తూకం తగ్గితే, చెప్పిన ధర మార్చితే ఆ మనిషిని ఎక్కడ పట్టుకోవాలో చెప్పేది ఆ నంబరే.

మార్కెట్ ప్రాంతం అంటే యార్డు గోడల వరకే అనుకోవద్దు. చుట్టూ ఉన్న ఊళ్లు కూడా అందులోకే వస్తాయి. కల్లం దగ్గరికి వ్యాను తెచ్చి, "యార్డుకెందుకు పోతరు, కిరాయి దండుగ, ఇక్కడనే ఇయ్యండి" అనే మనిషిని కూడా లైసెన్సు ఉందా అని అడగొచ్చు. ఆయన దగ్గర కాగితం లేకపోతే రేపు ఫోన్ ఎత్తకపోతే మనం ఎవరి గడప తొక్కాలి? సగం పైసలు ఇచ్చి, "మిగతావి వారంలో" అని పోయినవాళ్ల కోసం తిరిగిన ఇళ్లు మన సంఘాల్లో లేవా? చెయ్యెత్తమంటే ఈ హాల్లోనే చాలా చేతులు లేస్తాయి.

2020లో కేంద్రం తెచ్చిన సాగు చట్టాల్లో ఒకటి, యార్డు బయట కొనడానికి మార్కెట్ లైసెన్సు అక్కర్లేదు, పాన్ కార్డు ఉంటే చాలు అంది. కొనేవాళ్లు పెరిగితే ధర పెరుగుతుందని కొందరన్నారు. పైసలు ఎగ్గొడితే జవాబు చెప్పేదెవరని ఇంకొందరు అడిగారు. సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఆ చట్టాల అమలు ఆపింది, ఆ ఏడాది చివర్లో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. ఆ వాదనలో ఎవరి పక్షం ఎట్లున్నా మనకు మిగిలిన పాఠం ఒకటే. కొనేవాళ్లు ఎక్కువమంది ఉండాలి, ఉన్న ప్రతి ఒక్కరికీ కాగితం ఉండాలి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే నష్టం మనకే.

ఇక పాట సంగతి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్‌లో వేలం నియమాలు ఉన్నాయి. కుప్పలుగా పెడితే ఏ కుప్ప బేరం ఆ కుప్పదే. సుత్తె కొట్టో, ఆనవాయితీ ప్రకారం ఇంకో రకంగానో ఖాయం చేసేదాకా అమ్మకం పూర్తి కాదు, అప్పటిదాకా పాడినవాడు వెనక్కి పోవచ్చు. ఖాయమయ్యాక మాత్రం "సరుకు తడిగుంది, వంద తగ్గించు" అని మొదలుపెడితే ఒప్పుకోనక్కర్లేదు. తేమ, తాలు, మట్టి చూసుకోవాల్సింది పాడే ముందే. మనం కూడా ఆరబెట్టి, జల్లెడ పట్టి తెస్తే ఆ మాటకు తావు ఉండదు.

2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైంది. ఆ పద్ధతి ఉన్న చోట గేటు దగ్గరే కుప్పకు లాట్ నంబరు ఇస్తారు, కొనేవాళ్లు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ధర వేస్తారు. ఎవరు ఎంత వేశారో ఇంకొకరికి కనపడదు కాబట్టి కుమ్మక్కు కావడం కొంత కష్టం. ఏ పద్ధతైనా సరే, వచ్చిన ధర నచ్చకపోతే "ఇయ్యను" అనే హక్కు మనదే. కంది మద్దతు ధర 2024-25కు క్వింటాలుకు 7,550 రూపాయలు, 2025-26కు 8,000 రూపాయలు. ఈ అంకె నోట్లో ఉంటే పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో మనకే తెలుస్తుంది.

తూకం దగ్గర పోయేది చిన్నదిగా కనపడుతుంది. లెక్క వేద్దాం. క్వింటాలుకు 8,000 అంటే కిలోకు 80. సంచికనీ, మచ్చుకనీ క్వింటాలుకు రెండు కిలోలు తీస్తే పది క్వింటాళ్లకు ఇరవై కిలోలు, అంటే 1,600 రూపాయలు. మన సభ్యురాలు నెలకు వంద చొప్పున పదహారు నెలలు కట్టే పొదుపు అది. ఎవరూ దొంగతనం అనని చోట పోతుంది. అందుకే కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర చూడాలి, సున్నా దగ్గర ఉందో లేదో చూసి గాని సంచి ఎక్కించొద్దు.

తర్వాత తక్‌పట్టీ. తెల్ల చీటీ మీద పెన్సిల్‌తో రాసిన అంకె తక్‌పట్టీ కాదు. కొన్నవాడి పేరు, అడ్తిదారు పేరు, బరువు, ధర, హమాలీ, దడువాయి, కమీషన్ కోతలు, చేతికొచ్చేది, అన్నీ విడివిడిగా ఉండాలి. మార్కెట్ ఫీజు కొన్నవాడు కట్టాల్సింది, మన పట్టీలో కోయకూడదు. పట్టీ ఇంటి పెద్దమనిషి జేబులో ఉందిలే అని వదిలేయొద్దు. చదివించుకొని, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. తగాదా వస్తే మార్కెట్ కార్యదర్శి ముందు మాట్లాడేది ఆ కాగితమే.

వేలం అంటే పంట ఒక్కటే కాదు గదా. కుదువ పెట్టిన పుస్తెలతాడు కూడా వేలానికి పోతుంది. బంగారం మీద అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వ్ బ్యాంకు నియమాలున్నాయి. వేలానికి ముందు మనకు నోటీసు ఇవ్వాలి. పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి మన భాష పేపరు కావాలి. అప్పిచ్చిన కంపెనీయే పాటలో పాడకూడదు. బాకీ పోను మిగిలింది మనకు తిరిగి ఇవ్వాలి. "వేలమైపోయింది, ఇంకేం లేదు" అంటే ఊరుకోకుండా ఎంతకు పోయిందో కాగితం అడగండి. చిట్టీ పాటకూ అంతే. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టకూడదు.

ఈ ఏడాదికి మా ఉపసంఘం మూడు పనులు మీ ముందు పెడుతోంది. ఒకటి, కంది వచ్చే ముందే ప్రతి గ్రామ సంఘం తమ మార్కెట్‌లో లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా అడిగి తెచ్చి సంఘం గోడకు అతికించాలి. రెండు, ఒంటరిగా రెండు సంచులు తీసుకుపోయే బదులు ఐదారుగురం కలిసి ఒకే రోజు పోదాం. పెద్ద కుప్ప ఉంటే కొనేవాళ్లు ఎక్కువమంది నిలబడతారు, ఒకరు పాట దగ్గర ఉంటే ఒకరు కాంటా దగ్గర ఉండొచ్చు. మూడు, మన సమాఖ్య పేరు మీదనే కొనుగోలు లైసెన్సు తీసుకునే సంగతి వచ్చే సమావేశంలో చర్చకు పెట్టాలి. వరి కొనుగోలు కేంద్రాలు నడిపి తేమ చూసిన చేతులు, కాంటా వేసిన చేతులు మనవే. కందికి అడుగు వేయడానికి భయమెందుకు? అయితే లైసెన్సు తీసుకుంటే మనం వేరేవాళ్లను అడిగే కాగితాలన్నీ రేపు రైతులు మనల్ని అడుగుతారు. దానికి సిద్ధపడే ముందుకు పోవాలి.

కల్లం దగ్గరైనా, యార్డులోనైనా సంచి మూతి విప్పే ముందు మూడు మాటలు అడగండి. "లైసెన్సు ఉందా? కాంటాకు ముద్ర ఉందా? పైసలు ఏ రోజు ఇస్తవో పట్టీ మీద రాస్తవా?" ఈ మూడింటికీ నిమ్మళంగా జవాబు చెప్పేవాడికే మన కంది.