తెల్లదారం – నల్లదారం



సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు కురియుగాక!

మన గోదావరి సీమలో 'ఆయన చేతికి ఎముక లేదు' అంటే ఎవరూ వైద్యుణ్ణి పిలవరు. ఆయన గొప్ప దాత అని గ్రహిస్తారు. మాటకు అక్షరార్థం ఒకటి, భావార్థం మరొకటి.

ఉపవాస దినాలలో నల్లదారం నుండి తెల్లదారం స్పష్టమయ్యేవరకు తిని త్రాగవచ్చునని 'అల్ బఖరా' సూరా 187వ ఆయత్ తెలుపుతోంది. దాతగా పేరొందిన హాతిం తాయీ కుమారుడు అదీ (రజి) రెండు త్రాళ్ళను తలగడ క్రింద ఉంచుకొని రాత్రంతా చూశారు. ఏదీ తేలలేదు. ఉదయాన ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి విన్నవించగా, అవి రాత్రి చీకటి, పగటి వెలుగు అని ఆయన వివరించారు. ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. అరబ్బీ ఆయన మాతృభాష. అయినా తన ఊహనే పట్టుకొని కూర్చోక, అడిగి తెలుసుకున్నారు.

తమ సతీమణులలో పొడవైన చేయి గలవారే ముందుగా తమను కలుస్తారని ప్రవక్త (స) సెలవిచ్చినప్పుడు, వారు చేతులు కొలుచుకున్నారు. చివరకు ముందుగా కన్నుమూసినవారు జైనబ్ (రజి). స్వహస్తాలతో పనిచేసి దానం చేసిన చేయి అది! సహీహ్ ముస్లిం ఈ సంగతి తెలుపుతోంది.

సోదరులారా! భావార్థమంటే బాధ్యత తగ్గించే అర్థం కాదు. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) బోధ. మన డెల్టా ఉక్కపోతలో చెమట ఎప్పటికీ ఆరదు కదా అని, సార్వా కోతల కూలిని దాళ్వా నాట్లదాకా నిలిపేవాడు అక్షరాన్ని పట్టుకొని ఆదేశాన్ని విడిచినవాడే. 'నేనెవరి మీదా చేయి చేసుకోలేదు' అని అతడనవచ్చు. నిజమే, దెబ్బ ఎవరికీ కనబడదు. కాని పేదవాని పొట్ట కొట్టాడు. ఆ ఇంట పొయ్యి వెలగకపోవడం అలంకారం కాదు, అక్షర సత్యం.

కనుక, ఎవరి కూలి అయినా మన వద్ద నిలిచి ఉంటే, నేటి సూర్యాస్తమయానికి ముందే చెల్లిద్దాం. ఆయత్ అర్థం తెలియనప్పుడు అదీ (రజి) వలె సిగ్గుపడక పండితులను అడుగుదాం.

అల్లాహ్ మనకు మాట భావాన్ని గ్రహించే వివేకాన్ని, దానిని ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.